వించ్ ఆపినా కేబుల్ ఆగదు: పికప్ బ్యాటరీ నుంచి వెనక్కి కరెంటు తీసుకుపోవడం

హుజూరాబాద్ నుంచి మాట్లాడుతున్న. ఎప్పుడైనా కొత్త టాపిక్ చెప్పి మొదలుపెడతాను గదా, ఈ రోజు పాత వీడియోతో మొదలుపెట్టాలె. పికప్ బండి వెనక ఎలక్ట్రిక్ వించ్ ఎట్ల పెట్టుకోవాలో ఇంతకుముందు ఒక ఎపిసోడ్ చేసిన. అందులో, "పని అయిపోయినంక రిమోట్ పీకి పక్కన పెడితే చాలు, ఇంక టెన్షన్ లేదు" అని చెప్పిన. అది తప్పు. ఆ వీడియో తీసేసిన. ఎందుకు తప్పో చెప్పకుండా ఊరికే తీసేస్తే బాగుండదు కాబట్టి ఈ ఎపిసోడ్.

మా దగ్గర ఒక అన్న ఉన్నడు. పేరు చెప్పను. బొలెరో పికప్ నడుపుతడు. కరీంనగర్-వరంగల్ రోడ్డు మీద ఆగిపోయిన ఆటోలు, కార్లు, సీజన్‌లో నాటు మిషన్లు, పవర్ టిల్లర్లు ఎక్కించుకొని మెకానిక్ దగ్గరికి చేరుస్తడు. 2021 ఆగస్టు 16న మా శాలపల్లిలో దళితబంధు మొదలైంది, కుటుంబానికి 10 లక్షలు. అన్న బండి ఆ పైసలతో కొన్నదే. ఒక్కసారి వచ్చే పైసలు అవి. బండి కాలిపోతే మళ్ళా అడగడానికి ఇంకో స్కీమ్ లేదు.

అన్న నా వీడియో చూసి వించ్ పెట్టించుకున్నడు. ఒకరోజు రాత్రి పని ముగించుకొని వస్తూ చాయ్ తాగుదామని ఆగిండు. ఇంజన్ ఆఫ్, తాళంచెవి జేబులో ఉంది, రిమోట్ డ్యాష్‌బోర్డ్ డబ్బాలో ఉంది. చాయ్ సగం తాగేసరికి బండి కింద నుంచి పొగ. బానెట్ లేపి చూస్తే బ్యాటరీ ప్లస్ మీద బిగించిన వించ్ కేబుల్ తొడుగు ఉడుకుతున్నట్టు బుడగలొస్తుంది. పానా కోసం వెతికే టైమ్ ఎక్కడిది? చేతికి గుడ్డ చుట్టుకొని కేబుల్ పట్టి గుంజిండు. ఆ లగ్గు మిషన్‌తో క్రింప్ చేసింది కాదు, సుత్తితో కొట్టి అతికించింది. అందుకే ఊడొచ్చింది. ఒక తప్పుడు పని ఇంకో తప్పుడు పని నుంచి బండిని కాపాడింది. అరచేయి మాత్రం కాలింది.

మర్నాడు ఫోన్ చేసి అన్నడు: "తమ్మీ, నువ్వు జెప్పినట్టే రిమోట్ పీకి పెట్టిన గదనే. మరి యాడికెళ్ళి వచ్చింది కరెంటు?"

నా దగ్గర జవాబు లేదు. అంటే ఉంది గానీ, అప్పుడు చెప్పాల్సింది కాదు, వీడియోలో చెప్పాల్సింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. వించ్ రిమోట్ మోటరుకి కరెంటు నేరుగా ఇవ్వదు. అది ఒక చిన్న రిలేకి సిగ్నల్ ఇస్తది. మెకానిక్‌లు దాన్ని సోలినాయిడ్ అంటరు. ఆ సోలినాయిడ్ డబ్బా ఎక్కడ ఉంటది? వించ్ పక్కన. వించ్ ఎక్కడ ఉంది? బండి వెనక. అంటే బ్యాటరీ నుంచి సోలినాయిడ్ దాకా ఉన్న మొత్తం కేబుల్‌లో ఇరవై నాలుగు గంటలూ ప్లస్ ఉంటది. మీరు రిమోట్ పీకినా, తాళం తీసినా, ఇంట్లో పడుకున్నా సరే. ఆ కేబుల్ ఎక్కడో ఒకచోట తొడుగు అరిగి చేసిస్‌ని తాకితే, చేసిస్ మొత్తం మైనస్ కాబట్టి, అక్కడే షార్ట్. అన్న బండిలో వెనక కమాన్ కట్టల పైన చేసిస్ రంధ్రంలోంచి కేబుల్ దూర్చిన్రు, రంధ్రం అంచుకి రబ్బరు లేదు. గుంతల రోడ్డు మీద రోజూ కొంచెం కొంచెం కోసుకుంటూ పోయింది.

కంపెనీ ఇచ్చిన సెల్ఫ్ మోటరు కేబుల్‌కి కూడా చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు గదా అని ఒకాయన అడిగిండు. నిజమే. కానీ అది పొట్టి కేబుల్, ఇంజన్ పక్కనే, ఎటు నుంచి ఎటు పోవాలో కంపెనీ లెక్క చూసుకొని బిగించింది. మనది అట్ల కాదు. టేపు పెట్టి కొలిస్తే బ్యాటరీ నుంచి వించ్ దాకా, వంపులు, కొంత లూజు కలుపుకొని 6 మీటర్లు వచ్చింది. బురద, రాళ్ళు, సైలెన్సర్ వేడి, తిరిగే షాఫ్ట్, అన్నీ దాటుకుంటూ పోవాలె.

సరే, కేబుల్ ఎంత లావు ఉండాలె? ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి. ఇంటర్ లెక్కే.

అన్న వించ్ 9,500 పౌండ్లది, అంటే దాదాపు 4,300 కిలోలు. ఈ సైజు 12 వోల్టుల వించ్ పూర్తి లోడు మీద 400 ఆంపియర్ల పైనే తాగుతది. ఇంట్లో ఏసీ మహా అయితే పది ఆంపియర్లు తీసుకుంటది, పోల్చుకోండి. ఇక్కడ వోల్టులు తక్కువ కాబట్టి ఆంపియర్లు అంత ఎక్కువ. కరెంటు వెనక్కి పోవడానికి 6 మీటర్లు, తిరిగి రావడానికి 6 మీటర్లు, మొత్తం 12 మీటర్లు. నూటికి తొంభై మంది సగమే లెక్కేస్తరు. తిరుగు దారిని మరిచిపోతరు.

మన కాకతీయ కాలువ గుర్తు తెచ్చుకోండి. తూము దగ్గర నీళ్ళు ఎంత ఉన్నా, చివరి ఆయకట్టుకి చేరేసరికి ఎంత మిగిలింది అన్నదే రైతుకి లెక్క. వోల్టేజీ కూడా అంతే. బ్యాటరీ దగ్గర ఎంత ఉంది అని కాదు, వించ్ బోల్టుల దగ్గర ఎంత మిగిలింది అని చూడాలె.

రాగి కేబుల్ 25 స్క్వేర్ ఎంఎం వేస్తే, 12 మీటర్లకి, 400 ఆంపియర్ల దగ్గర దారిలోనే దాదాపు 3.3 వోల్టులు పోతయి. 35 వేస్తే 2.4 వోల్టులు, 50 వేస్తే 1.65 వోల్టులు, 70 వేస్తే 1.2 వోల్టులు. పన్నెండులో మూడు పోతే ఏమైతదిలే అనుకోకండి. అంత కరెంటు గుంజేటప్పుడు బ్యాటరీ కూడా 12.6 దగ్గర నిలబడదు, మంచి బ్యాటరీ అయినా పదిన్నర చుట్టుపక్కలకి దిగుతది. అందులోంచి ఇంకో 3.3 తీసేస్తే వించ్‌కి ఏడు వోల్టులు మిగులుతయి.

"ఏడు వోల్టులైతే వించ్ తక్కువ కరెంటు తీసుకుంటది, మంచిదే గదా?" అని నేనూ మొదట అనుకున్న. కాదు. ఈ రకం డీసీ మోటరులో బలం కరెంటు మీద ఆధారపడతది, వేగం వోల్టేజీ మీద ఆధారపడతది. ముందు అదే కారు ఉంది, అదే ర్యాంపు ఉంది, కాబట్టి కావాల్సిన బలం మారదు, కరెంటూ పెద్దగా మారదు. వేగం మాత్రమే పడిపోతది. అర నిమిషంలో అయ్యే పని నిమిషం పడతది. అంతసేపు కేబుల్ కాగుతది, మోటరు కాగుతది, బ్యాటరీ ఖాళీ అయితది.

ఎంత కాగుతది? 400 ఆంపియర్లు, 3.3 వోల్టులు గుణిస్తే 1,300 వాట్లు. నీళ్ళు కాగబెట్టుకునే రాడ్డు అంత. ఆ రాడ్డుని మీరు మీ డీజిల్ పైపు పక్క నుంచి పొడుగ్గా పరిచిన్రు అనుకోండి. 25 కేబుల్‌లో ఉన్న రాగి బరువుని బట్టి లెక్కేస్తే, పూర్తి లోడు మీద ఒక్క నిమిషం గుంజితే దాని వేడి 75 డిగ్రీలు పెరుగుతది. మన ఎండాకాలం 40 డిగ్రీల దగ్గర మొదలైతే 115. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలకి చేసింది. అదే 50 కేబుల్ అయితే ఆ నిమిషంలో పెరిగేది 19 డిగ్రీలే. లావు రెండింతలు చేస్తే పెరిగే వేడి నాలుగో వంతుకి పడింది. ఎందుకంటే పుట్టే వేడి సగమైంది, ఆ వేడిని పంచుకునే రాగి రెండింతలైంది. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన లెక్క ఇదే. 70కి పోతే పది డిగ్రీలు. కానీ 50 నుంచి 70కి వచ్చే లాభం కంటే ఖర్చు, వంచడంలో కష్టం ఎక్కువ అనిపించి మేము 50 దగ్గర ఆగినం.

ఇంకో ప్రమాదం వోల్టేజీ పడిపోవడంలోనే దాగి ఉంది. సోలినాయిడ్ లోపల కాయిల్‌కి కూడా వోల్టేజీ కావాలె. అది చాలకపోతే కాంటాక్టులు టకటకమని కొట్టుకుంటయి, ఒక్కో దెబ్బకి ఒక్కో మెరుపు. అట్ల కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక్కోసారి వెల్డింగ్ అయిపోయినట్టు అతుక్కుంటయి. అప్పుడు రిమోట్ బటన్ వదిలినా వించ్ ఆగదు. రోప్ గుంజుతనే ఉంటది.

బయటి దేశాల వీడియోలు చూసి "టూ గేజ్ చాలు", "వన్ ఆట్ వేయాలె" అని నాకు చాలామంది పంపుతరు. అది అమెరికా గేజ్. మన షాపులో ఆ నంబరు చెప్తే అర్థం కాదు. రెండో నంబరు గేజ్ అంటే దాదాపు 34 స్క్వేర్ ఎంఎం, వన్ ఆట్ అంటే 53, టూ ఆట్ అంటే 67. నంబరు తగ్గినకొద్దీ లావు పెరుగుతది. మన దగ్గర తేలిగ్గా దొరికేది వెల్డింగ్ కేబుల్. సన్నటి పోగులు కాబట్టి బాగా వంగుతది, తొడుగు రబ్బరుది. దాని మీద ఐఎస్ 9857 అని ఉందో చూడండి. కానీ ఒక్క జాగ్రత్త: అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా అమ్ముతరు, రేటు తక్కువ. కొనే ముందు చివర కొంచెం తొడుగు కోయించి, ఒక పోగు బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు. అల్యూమినియం అదే లావులో రాగి కంటే ఒకటిన్నర రెట్లకి పైనే కరెంటుని అడ్డుకుంటది, నేను చెప్పిన లెక్కలన్నీ తప్పుతయి.

ఇప్పుడు మైనస్ సంగతి. అన్న బండికి ముందు చేసిన ఫిట్టర్ ప్లస్ ఒక్కటే వెనక్కి లాగి, మైనస్‌ని బాడీ ఎర్త్ ఇచ్చిండు. కొత్త ప్లస్ కేబుల్ వేసినంక అన్న అన్నడు, "మైనస్ మంచిగనే ఉంది గదా, ఉండనీ. సగం ఖర్చు మిగుల్తది." నిజానికి చేసిస్ ఇనుము లావు చూస్తే అది పనికిరాని దారేం కాదు. ఇనుములో కరెంటు రాగిలో కంటే కష్టంగా పోతది గానీ, అంత లావు రాడ్డు ఉంది గదా. గొడవంతా జాయింట్ల దగ్గర. పెయింట్ మీద బిగించిన బోల్టు, తుప్పు, బ్యాటరీ నుంచి బాడీకి ఇచ్చిన సన్న పట్టీ, చేసిస్‌కీ వెనక డబ్బాకీ మధ్య రబ్బరు ప్యాకింగులు. ఒక్కో చోట కొంచెం కొంచెం.

వాదన ఎందుకని కొలిచినం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్ లీడ్ లాగ్స్ చూడకుండా కోడ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఒక వైరు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి వించ్ సోలినాయిడ్ ప్లస్ బోల్టు మీద పెట్టండి. ఒక వైరుకి పొడుగు ముక్క కలుపుకోవాలె. వించ్ లోడు గుంజుతుంటే మీటరు చూపించేదే ప్లస్ దారిలో పోతున్న వోల్టేజీ. వేరే లెక్క అవసరం లేదు. అట్లనే బ్యాటరీ మైనస్ నుంచి వించ్ మైనస్‌కి. లోడు లేకుండా కొలిస్తే ఏమీ తెలియదు, కరెంటు పారితేనే తేడా కనపడతది. రోప్ గుంజుతున్నప్పుడు దాని వరసలో నిలబడకండి, తెగితే మనిషి మీదికి వస్తది.

ఒక పాత కారుని ర్యాంపు మీదికి ఎక్కిస్తూ చూసినం. క్లాంప్ మీటరు 150 ఆంపియర్ల దగ్గర ఆడుతుంది. మామూలు క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే చూపిస్తయి, డీసీ చూపించేది కావాలె, నేను మొదటిసారి పొరపాటున ఏసీది పట్టుకుపోయి నవ్వులపాలైన. ప్లస్ వైపు 0.35 వోల్టులు. మైనస్ వైపు, ఆ 'మంచిగనే ఉన్న' వైపు, 1.3 వోల్టులు. అన్న మీటరు వైపు చూసిండు, నా వైపు చూసిండు, "సరే, అది గూడ ఎయ్" అన్నడు. మైనస్‌కి కూడా అదే 50 కేబుల్ బ్యాటరీ దాకా లాగినంక 0.4కి దిగింది.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలె? బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపల. వించ్ దగ్గర కాదు. ఇంటి మీద ట్యాంకు నుంచి వచ్చే పైపు మధ్యలో పగిలితే నల్లా కట్టేస్తే లాభం ఉంటదా? ట్యాంకు దగ్గర గేటు వాల్వు తిప్పాలె. ఫ్యూజు వించ్‌ని కాపాడడానికి కాదు, కేబుల్‌ని కాపాడడానికి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కని ఎవ్వరూ కాపాడరు, అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

రేటింగు దగ్గర చాలామంది తికమక పడతరు. "వించ్ 400 తాగుతుంటే 300 ఫ్యూజు పోదా?" మెగా ఫ్యూజు గానీ, కారు ఆడియో యాంప్లిఫయర్లకి పెట్టే ఏఎన్ఎల్ ఫ్యూజు గానీ, రేటింగు దాటిన వెంటనే పోయే రకం కాదు. మూడో వంతు ఎక్కువైతే నిమిషాల టైమ్ తీసుకుంటయి. వించ్‌ని ఎట్లాగూ నిమిషానికి మించి పూర్తి లోడు మీద ఏకధాటిగా గుంజకూడదు. అదే షార్ట్ అయితే బ్యాటరీ వెయ్యి ఆంపియర్లు దాటి ఇవ్వగలదు, అప్పుడు క్షణాల్లో పోతది. 50 కేబుల్‌కి మేము 300 పెట్టినం. హెడ్‌లైట్లకి పెట్టే చిన్న బ్లేడు ఫ్యూజులు నాలుగు కలిపి కట్టే తెలివి దయచేసి వాడకండి, ఒకాయన ఫొటో పంపిండు కాబట్టి చెప్తున్న.

లోడు మధ్యలో ఫ్యూజు పోతే కారు వెనక్కి జారదా అని భయం ఉంటది. ఈ రకం వించ్‌లలో లోపల బ్రేక్ ఉంటది, కరెంటు పోగానే అదే పట్టుకుంటది. అయినా టైర్ కింద చెక్క పెట్టనిదే కారు వెనక నిలబడకండి.

ఫ్యూజు తర్వాత కటాఫ్ స్విచ్. లారీల్లో, బస్సుల్లో చూసే ఉంటరు, ఎర్ర హ్యాండిల్ ఉంటది. పని లేనప్పుడు అది ఆఫ్‌లో ఉంటే, వెనక్కి పోయే కేబుల్ నిజంగా చచ్చినట్టు ఉంటది. నేను రిమోట్ గురించి చెప్పిన మాట ఈ స్విచ్ గురించి చెప్పాల్సింది. సోలినాయిడ్ అతుక్కొని వించ్ ఆగకపోతే ఆపేది కూడా ఇదే, కాబట్టి పానా లేకుండా చెయ్యి అందే చోట పెట్టండి. అన్న ఇప్పుడు బండి దిగేటప్పుడు ముందు అది తిప్పి, తర్వాత తలుపు వేస్తడు.

దారి గురించి త్వరగా చెప్తా. సైలెన్సర్ ఏ పక్క ఉందో దానికి అవతలి పక్క, చేసిస్ లోపలి వైపు నుంచి తీసుకపోండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి, కమాన్ కట్టలకి తగలకూడదు. బండి ఖాళీగా ఉన్నప్పుడు కాదు, నిండా లోడుతో కిందికి కూర్చున్నప్పుడు చూడండి. డీజిల్ పైపుకి, బ్రేక్ పైపుకి కలిపి కట్టకండి. రంధ్రం ఉన్న ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్, పైన ఫ్లెక్సిబుల్ పైపు, అడుగుకొక క్లిప్పు. ఒట్టి ప్లాస్టిక్ ట్యాగులు ఒక ఎండాకాలం దాటవు. లగ్గులు మాత్రం హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్ ఉన్నోళ్ళ దగ్గరే కొట్టించండి, మన ఊళ్ళో హౌస్ వైరింగు పెద్ద పనులు చేసే ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, చివర్లో బిగించండి. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలిందంటే అదే షార్ట్. చేతికి కడియం, ఉంగరం ఉంటే తీసేయండి.

కరీంనగర్ గ్రానైట్ లారీల తమ్ముళ్ళు అడిగిండ్రు, మా బండి 24 వోల్టులు, 12 వోల్టుల వించ్‌ని ఒక బ్యాటరీ నుంచి ఇవ్వచ్చా అని. ఇవ్వకండి. రెండు బ్యాటరీల్లో ఒకటే ఖాళీ అయితది, డైనమో మాత్రం రెండింటికీ కలిపి ఛార్జ్ చేస్తది. ఒకటి ఎప్పుడూ ఆకలితో, ఇంకోటి ఎప్పుడూ అజీర్తితో ఉంటది, రెండూ తొందరగా పోతయి. 24 వోల్టుల వించే తీసుకోండి, అదే పనికి కరెంటు సగమైతది, కేబుల్ కూడా తేలికైతది.

వించ్ పక్కనే ఇంకో బ్యాటరీ పెడితే ఇంత లావు కేబుల్ ఎందుకు అని కూడా అడుగుతున్నరు. మంచి ఆలోచనే. అప్పుడు ముందు నుంచి వెనక్కి ఛార్జింగ్ కేబుల్ సన్నగా ఉన్నా సరిపోతది. కానీ ఆ కేబుల్‌కి రెండు చివర్లా బ్యాటరీ ఉంది, కాబట్టి రెండు చివర్లా ఫ్యూజు ఉండాలె. ఒక్క చివరే పెడితే రెండో వైపు నుంచి కాలుతది. దాని మీద వేరే ఎపిసోడ్ చేస్తా.

చివరిగా కాగితాల సంగతి. బండి మీద ర్యాంపు, వించ్ బాడీ లాంటివి పర్మనెంటుగా బిగిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది మార్పు కిందికి రావచ్చు. ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి ఇవ్వండి. మంట అంటుకున్నంక మాట్లాడడం కష్టం.

పాత వీడియో చూసి ఇప్పటికే వించ్ పెట్టించుకున్నోళ్ళు ఉంటే, ఈ రోజే బానెట్ లేపి చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి వెనక్కి పోయే లావు కేబుల్‌కి జానెడు లోపల ఫ్యూజు లేకపోతే, అది పెట్టేదాకా ఆ కేబుల్ విప్పి, చివరకి టేపు చుట్టి పక్కకి కట్టేయండి. వించ్ ఒక వారం లేకపోయినా నడుస్తది. అన్న చెయ్యి మానింది, నిన్న జమ్మికుంట నుంచి ఒక ఆటో ఎక్కించుకొచ్చిండు. ఉంటా ఫ్రెండ్స్.